హెయిర్‌కట్‌కి గంట పడుతోంది, 40 నిమిషాల్లో ముగించమంటున్నారు: చేతి వేగం ఎలా పెంచుకోవాలి?

చెల్లీ, నీ ప్రశ్న మిగతావాళ్లకీ అర్థమయ్యేలా ఒకసారి చెప్పి మొదలుపెడతాను. మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఒక యూనిసెక్స్ సెలూన్‌లో చేస్తున్నావు. అసిస్టెంట్‌గా ఉన్న నీకు ఈమధ్యే సొంతంగా చైర్ ఇచ్చారు. లేడీస్ హెయిర్‌కట్‌కి వాష్, బ్లో డ్రై కలిపి గంట దాటుతోంది. ఓనర్ 40 నిమిషాల్లో ముగించమంటున్నారు. శని, ఆదివారాల్లో టెన్షన్‌కి చేతులు వణుకుతున్నాయి, సాయంత్రానికి మణికట్టు పీకుతోంది. చేతి వేగం ఎలా పెంచుకోవాలి అక్కా అని అడిగావు.

నేను ఈ ఊళ్లోనే జయనగర్‌లో పని నేర్చుకుని, ఇప్పుడు వైట్‌ఫీల్డ్ వైపు సీనియర్‌గా చేస్తూ కొత్త పిల్లలకి నేర్పిస్తున్నాను. అందరూ మొదట చేతుల గురించే అడుగుతారు. కానీ వాళ్ల పక్కన నిలబడి చూస్తే చేతులు బాగానే ఆడుతుంటాయి. టైమ్ పోయేది రెండు చోట్ల. ఏం కత్తిరించాలో తేలకుండానే కత్తెర పట్టడం ఒకటి. కత్తిరించాక రెండు వైపులా సమానంగా రాలేదని మళ్లీ మళ్లీ సరిచేస్తూ ఉండటం రెండోది. నిజానికి ఈ రెండోది మొదటిదాని నుంచే పుడుతుంది. ముందు తేల్చుకోనిది చివర్లో కత్తెరతో తేల్చుకోవాల్సి వస్తుంది. అందుకే నీకు చెప్పదలచుకున్నదంతా కత్తెర పట్టకముందు జరగాల్సిన పని చుట్టూనే తిరుగుతుంది.

ముందుగా ఒక వారం పాటు టైమ్‌లు రాసిపెట్టు. క్లయింట్ కూర్చున్నప్పుడు, వాష్‌కి వెళ్లినప్పుడు, మొదటి కత్తెర పడినప్పుడు, ఆఖరి కత్తెర పడినప్పుడు, చైర్ దిగినప్పుడు. ట్రాలీలో చిన్న పుస్తకం పెట్టుకుని గడియారం చూసి అంకె వేస్తే చాలు. వారం చివర చూస్తే నీ టైమ్ ఎక్కడ పోతోందో నీకే కనిపిస్తుంది. కొందరికి బ్లో డ్రైలో పోతుంది, కొందరికి టవల్ కోసం, క్లిప్పుల కోసం తిరగడంలో పోతుంది. అది తెలియకుండా అన్నీ ఒకేసారి వేగంగా చేయబోతే వేలో, క్లయింట్ చెవో తెగుతుంది.

ఇక కన్సల్టేషన్. రష్‌లో అందరూ మొదట తగ్గించేది దీన్నే. నువ్వు మాత్రం దీనికి ఐదు నిమిషాలు గట్టిగా పెట్టుకో. క్లయింట్‌ని నేరుగా వాష్ బేసిన్ దగ్గరికి పంపకు. తడిపేశాక జుట్టు తన స్వభావం చూపించదు. పొడిగా ఉన్నప్పుడే చూడాలి: పాపిడి ఎటు పడుతోంది, నడినెత్తిన సుడి ఎటు తిరిగింది, మెడ దగ్గర వెంట్రుకలు పైకి లేస్తున్నాయా, పాత లేయర్లు ఎక్కడిదాకా ఉన్నాయి, ఒక వైపు ఒత్తుగా ఇంకో వైపు పల్చగా ఉందా. వేళ్లతో పాయలు విడదీసి మాడు కూడా చూడు. పుండ్లు, పేలు, ఎక్కువ చుండ్రు ఉంటే అప్పుడే తెలుస్తుంది, దాన్నిబట్టి ఏం చేయాలో, ఏం చేయకూడదో నిర్ణయించుకోవచ్చు.

పొడవు విషయంలో మాటల్ని నమ్ముకోకు. మన ఊళ్లో ఒకే రోజు కన్నడం, తెలుగు, హిందీ, తమిళం, ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు అదే చైర్‌లో కూర్చుంటారు. "కొంచెం తీయండి" అని ఏ భాషలో చెప్పినా ఆ కొంచెం ఎంతో ఎవరికీ తెలియదు. ఒక అంగుళం అని నోటితో చెప్పి వేళ్లతో మూడంగుళాలు చూపించేవాళ్లున్నారు. కాబట్టి ముందువైపు నుంచి ఒక పాయ తీసి, దువ్వెనని అడ్డంగా పెట్టి, అద్దంలో చూపించి "ఇక్కడికా మేడం?" అని అడుగు. వెనక పొడవుని చేయి ఆనించి వీపు మీద చూపించు. వాళ్ల నోటితో "ఆ, అక్కడికే" అని వచ్చాకే లేవాలి. గిరజాల జుట్టైతే తడిసినప్పుడు సాగి, ఆరాక పైకి ముడుచుకుంటుందని ముందే చెప్పి, ఆ మేరకు పొడవు వదిలిపెట్టాలి.

ఫోటో చూపిస్తే ఆ ఫోటోలో నచ్చినదేమిటో అడుగు. ఒకరికి ముంగురులు నచ్చి ఉంటాయి, ఒకరికి రంగు నచ్చి ఉంటుంది, కట్ కాదు. మనవాళ్లని తప్పకుండా అడగాల్సినది ఇంకొకటి ఉంది: "జడ వేసుకుంటారా, క్లిప్ పెడతారా, వదిలేస్తారా?" రోజూ జడ వేసుకునే ఆవిడకి ఫోటో చూసి పొట్టి లేయర్లు కొడితే, మర్నాడు పొట్టి వెంట్రుకలన్నీ జడలోంచి బయటికి పొడుచుకొస్తాయి. సెలూన్‌లో అద్దం ముందు చాలా బాగుంటుంది, ఇంటికెళ్లాక ఏడుపొస్తుంది. మళ్లీ వచ్చి సరిచేయమంటుంది. ఆ ఉచిత సర్వీస్ కూడా నీ టైమే కదా. కాబట్టి జడ వేసుకునేవాళ్లకి యూ కట్‌తోనో, చివర్లలో పొడవాటి లేయర్లతోనో సరిపెట్టడం మంచిది. తలకి నూనె రాస్తారా, ఎన్ని రోజులకోసారి తలస్నానం చేస్తారు, ఇంట్లో డ్రయ్యర్ ఉందా అన్నవి కూడా అడుగు. ఈ సమాధానాలన్నీ కలిస్తే కట్ సగం అయిపోయినట్టే. ఇంక కత్తెర పట్టాక ఆగి ఆలోచించే పని ఉండదు.

వాష్ దగ్గర మన ఊరి నీళ్ల సంగతి పట్టించుకోవాలి. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు చాలా అపార్ట్‌మెంట్లు, పీజీలు బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్ల మీదే నడుస్తాయి. అందులో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. అవి వెంట్రుక మీద పేరుకుని గరుకుగా చేస్తాయి, షాంపూ నురగ రాదు, దువ్వెన దిగదు. అలాంటి జుట్టుకి మామూలు షాంపూ మూడుసార్లు పెట్టే బదులు, మొదట ఒకసారి క్లారిఫైయింగ్ షాంపూ (వెంట్రుక మీద పేరుకున్నవి వదిలించేది) పెట్టి, తర్వాత చివర్లకి కండిషనర్ పట్టించి, పెద్ద పళ్ల దువ్వెనతో బేసిన్ దగ్గరే చిక్కు తీసేయ్. చైర్‌లో కూర్చోబెట్టాక చిక్కు తీయడం రెండింతల పని, క్లయింట్‌కి నొప్పి కూడా. నూనె పెట్టుకుని వచ్చేవాళ్లకి అదనంగా టైమ్ పడుతుంది కాబట్టి, ఫోన్‌లో అపాయింట్‌మెంట్ ఇచ్చేటప్పుడే "నూనె లేకుండా రండి" అని చెప్పమని రిసెప్షన్‌కి చెప్పిపెట్టు. షాంపూ రుద్దేటప్పుడు షవర్ కట్టేయ్. 2024 వేసవిలో నీళ్లకి ఈ ఊరు ఎంత అల్లాడిందో మనందరం చూశాం.

ఇప్పుడు కత్తెర. కటింగ్‌లో వేగం నేర్పే రహస్యం పాపిడి తీయడంలోనే ఉంది. నుదుటి నుంచి మెడ దాకా ఒక పాపిడి, చెవి నుంచి చెవి దాకా ఒక పాపిడి, నాలుగు భాగాలు, నాలుగు క్లిప్పులు. ఎవరు కూర్చున్నా ఇక్కడినుంచే మొదలుపెట్టు. ప్రతి కట్‌కీ నీకంటూ ఒక వరస ఉండాలి, ఆ వరస ఏ రోజూ మారకూడదు. మెడ వెనక కింది పాయతో గైడ్ (మిగతా పాయలకి కొలతగా ముందు కత్తిరించే పాయ) పెట్టుకుని పైకి వెళ్తావా, అలాగే వెళ్లు. ఎడమ వైపు ముందు చేస్తావా, ఎప్పుడూ ఎడమే ముందు. వరస అలవాటైతే మధ్యలో క్లయింట్‌తో మాట్లాడినా, రిసెప్షన్ నుంచి పిలుపు వచ్చినా నువ్వు ఎక్కడున్నావో నీకు తెలుస్తుంది.

మన జుట్టు ఒత్తు. త్వరగా అయిపోతుందని లావు పాయలు తీసుకుంటే లోపల గైడ్ కనపడదు, ఊహించి కత్తిరించాల్సి వస్తుంది. చూడ్డానికి వేగంగా ఉంటుంది, చివర్లో సరిచేయడానికి పావుగంట పోతుంది. గైడ్ పాయ లోపలినుంచి కనపడేంత పల్చగా తీసుకో. ఒక్కో పాయకి ఒక్కసారి కుదుళ్ల నుంచి చివరి దాకా శుభ్రంగా దువ్వి, వేళ్ల మధ్య పట్టి, కత్తిరించి వదిలేయ్. అదే పాయని నాలుగైదుసార్లు దువ్వే అలవాటు చాలామందికి ఉంది. అది భయం వల్ల వస్తుంది. కన్సల్టేషన్ సరిగ్గా చేసిన రోజు ఆ భయం దానంతటదే తగ్గుతుంది, గమనించు.

పాయని పట్టుకునే కోణం కూడా ముందే మనసులో ఉండాలి. కిందికి వదిలేసి కత్తిరిస్తే ఒకే పొడవు వస్తుంది. 45 డిగ్రీలకి ఎత్తితే చివర్లలో బరువు నిలుస్తుంది. తలకి నిటారుగా 90 డిగ్రీలకి ఎత్తితే లేయర్. వాళ్లు స్టెప్ అన్నా ఫెదర్ అన్నా ఏ పేరు పెట్టి అడిగినా, చివరికి నువ్వు చేసేది ఈ కోణాల ఆటే. పేరు వినగానే కోణం గుర్తురావాలి.

జుట్టు తడి అన్ని చోట్లా ఒకేలా ఉండాలి. ఏసీ కింద కూర్చున్న క్లయింట్‌కి ఒక వైపు చేస్తుండగానే ఇంకో వైపు ఆరిపోతుంది. తడి పాయ సాగుతుంది, పొడి పాయ సాగదు. కత్తిరించినప్పుడు సమానంగానే కనపడి, ఆరాక ఒక వైపు పొట్టిగా తేలేది అందుకే. స్ప్రే బాటిల్ ఎడమ చేతికి అందేలా పెట్టుకుని కొత్త భాగం విప్పిన ప్రతిసారీ తడుపు. బిగించి లాగడం కూడా రెండు వైపులా ఒకేలా ఉండాలి. చెవి మీద మాత్రం బిగించకు. చెవి ఎత్తు వల్ల అక్కడ జుట్టు ఆరాక పైకి లేచి గుంట పడుతుంది.

చెక్ చేసేటప్పుడు కత్తిరించిన దిక్కుకి అడ్డంగా పాయలు తీసి చూడు. నిలువు పాయలతో కత్తిరిస్తే అడ్డ పాయలతో చెక్ చేయాలి. ఒక్కసారి, మొత్తం తల, అంతే. ఆ తర్వాత ఆరబెట్టాక కనపడిన పొడుచుకొచ్చే వెంట్రుకలు తీసేసి కత్తెర పక్కన పెట్టేయాలి. అద్దంలో చూస్తూ గాల్లో చిన్నచిన్న కోతలు కోస్తూ ఉంటే ఎన్ని నిమిషాలు పోతాయో నీ పుస్తకంలోని అంకెలే చెప్తాయి.

చేతి పని గురించి చెప్పాల్సింది ఒకటే ఉంది. కత్తెర ఆడేటప్పుడు బొటనవేలు మాత్రమే కదలాలి, మిగతా వేళ్లూ మణికట్టూ కదలకూడదు. దువ్వేటప్పుడు కత్తెరని ట్రాలీలో పెట్టకుండా, బొటనవేలు రింగులోంచి తీసి అరచేతిలో మూసి పట్టుకుని, అదే చేత్తో దువ్వెన వాడు. కత్తిరించేటప్పుడు దువ్వెన ఎడమ చేతికి వెళ్తుంది. ఇది క్లయింట్ మీద నేర్చుకునేది కాదు. డమ్మీ హెడ్ మీద, లేకపోతే ఇంట్లో టీవీ చూస్తూ ఖాళీ చేతులతో, చూడకుండా వచ్చేదాకా చేయాలి. రోజూ పడుకునే ముందు పది నిమిషాలు చాలు.

యూనిసెక్స్ కాబట్టి జెంట్స్ కట్‌లు కూడా నీకు వస్తాయి. అక్కడ చాలామంది తడిపి, మెషీన్ పెట్టి, ఆరబెట్టి, మళ్లీ తడుపుతారు. మెషీన్‌తో పొడి జుట్టే శుభ్రంగా తెగుతుంది. కాబట్టి పక్కలు, వెనక మెషీన్ పని మొత్తం పొడిగా ముగించి, అప్పుడు వాష్‌కి పంపు. తెగిన వెంట్రుకలన్నీ పోతాయి, పైన కత్తెర పనికి జుట్టు తడిగా సిద్ధంగా ఉంటుంది. ఒకే వాష్‌తో రెండు పనులూ అయిపోతాయి. మెషీన్‌కి తగిలించే గార్డు (జుట్టు ఎంత పొడవు మిగలాలో నిర్ణయించే దువ్వెన) నంబర్లు నోటికి రావాలి: 1 అంటే 3 మిల్లీమీటర్లు, 2 అంటే 6, 3 అంటే దాదాపు 10, 4 అంటే దాదాపు 13. ఫేడ్‌లో, అంటే కింద పొట్టిగా మొదలై పైకి మెల్లగా పొడవయ్యే కట్‌లో, రెండు గార్డుల మధ్య గీత కనపడితే కత్తెరతో గీకకు. మెషీన్ పక్కనుండే లివర్ కొంచెం తెరిచి మూస్తూ పోతే ఆ గీత కలిసిపోతుంది. ఆ క్లయింట్‌కి ఏ గార్డు ఎక్కడిదాకా వాడావో రాసిపెట్టుకుంటే వచ్చే నెల అడగాల్సిన పని కూడా ఉండదు.

బ్లో డ్రై దగ్గర తప్పకుండా నీకు టైమ్ మిగులుతుంది. నీళ్లు కారుతున్న జుట్టుకి రౌండ్ బ్రష్ చుట్టడం వృథా. తడిసినప్పుడు వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలు తెగి, ఆరేటప్పుడు మళ్లీ కలుస్తాయి. షేప్ నిలబడేది ఆ ఆరే ఘడియలోనే. అంతకుముందు ఎంత చుట్టినా నిలవదు. కాబట్టి టవల్‌తో రుద్దకుండా పిండి, నాజిల్ లేకుండా వేళ్లతో విదిలిస్తూ నూటికి 80 వంతులు ఆరబెట్టు. అప్పుడు నాజిల్ తగిలించి, గాలి కుదుళ్ల నుంచి చివర్ల వైపు పోయేలా పట్టి బ్రష్ మొదలుపెట్టు. వేడి ఆపిన తర్వాత కూడా కొన్ని సెకన్లు బ్రష్ అలాగే ఉంచి చల్లారనివ్వు. ఓపిక పట్టలేక వేడిగా ఉన్నప్పుడే లాగేస్తే వంపు జారిపోతుంది, మళ్లీ చేయాలి.

కలర్ సర్వీసుల్లోనే సెలూన్‌కి అసలు టైమ్ దొరుకుతుంది. రూట్ టచప్ (కుదుళ్ల దగ్గర కొత్తగా పెరిగిన జుట్టుకి రంగు) పెట్టాక ఆ కలర్ ప్యాక్ మీద రాసినంతసేపు, మామూలుగా 30 నుంచి 45 నిమిషాలు, ఆగాలి. ఆ వ్యవధిలో ఒక జెంట్స్ కట్ సుఖంగా అయిపోతుంది. అపాయింట్‌మెంట్ పుస్తకంలో కలర్‌ని ఒకే ముక్కగా రాయకుండా పెట్టే టైమ్, ఆగే టైమ్, కడిగే టైమ్ అని మూడు ముక్కలుగా రాయమని అడుగు. మధ్య ముక్కలో ఇంకొకరు కూర్చోవచ్చు. టైమర్ మాత్రం తప్పనిసరి, కడిగే సమయం ఒక చిన్న టేప్ మీద రాసి బౌల్‌కి అంటించు. కానీ బ్లీచ్ పెట్టిన క్లయింట్‌ని వదిలి ఇంకో కట్ మొదలుపెట్టొద్దు. హైలైట్స్ ఫాయిల్స్‌ని కొన్ని నిమిషాలకోసారి విప్పి చూడాలి. జుట్టు తెగిపోవడానికి ఒక్క అశ్రద్ధ చాలు. అక్కడ రెండు పనులు కలపమని ఎవరు చెప్పినా ఒప్పుకోకు.

తెల్ల వెంట్రుకలు కప్పాలంటే ఎక్కడ ఎక్కువ ఉన్నాయో అక్కడినుంచే, మామూలుగా కణతలు, నుదుటి అంచు నుంచి మొదలుపెట్టాలి. అక్కడ రంగు పట్టడం కష్టం, ఎక్కువసేపు ఉండాలి. ఎప్పుడూ కలర్ వేయని జుట్టుని లేత షేడ్‌కి తీసుకెళ్తుంటే మాత్రం పొడవు మీద ముందు పెట్టి, కుదుళ్లకి చివర్లో పెట్టాలి. మాడు వేడికి కుదుళ్ల దగ్గర పని త్వరగా జరుగుతుంది కాబట్టి. డెవలపర్ (రంగులో కలిపే పెరాక్సైడ్) లెక్క తెలిసిందే: 10 వాల్యూమ్ అంటే 3 శాతం, 20 అంటే 6, 30 అంటే 9, 40 అంటే 12. కంటి అంచనాతో కలపొద్దు, చిన్న త్రాసు మీద గ్రాముల్లో తూచి కలుపు. నడుము దాకా జుట్టున్నవాళ్లకి ఒకేసారి పెద్ద బౌల్ కలపకు. కలిపిన వెంటనే పని మొదలవుతుంది, చివరి భాగానికి వచ్చేసరికి బలం తగ్గిపోతుంది. రెండు విడతల్లో కలుపుకో.

క్లయింట్ కార్డు రాసే అలవాటు ఈ రోజే మొదలుపెట్టు. షేడ్ నంబర్, డెవలపర్, ఎంతకి ఎంత కలిపావు, ఎంతసేపు ఉంచావు, ఎలా వచ్చింది. "పోయినసారి వేసిన రంగే వేయండి" అని వచ్చే మాటకి సమాధానం నీ కార్డులోనే ఉంటుంది. షేడ్ కార్డు ముందు కూర్చుని ఊహించే టైమ్ మొత్తం మిగులుతుంది.

టైమ్ కోసం ఎప్పుడూ తగ్గించకూడనిది ప్యాచ్ టెస్ట్. నల్ల, ముదురు గోధుమ షేడ్లలో ఉండే పీపీడీ అనే రసాయనం పడనివాళ్లకి ముఖం, కళ్లు వాచిపోతాయి. ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. 48 గంటల ముందు చెవి వెనకో, మోచేతి మడతలోనో కొంచెం రాసి చూడాలి. ఆదివారం పూట నేరుగా కలర్‌కి వచ్చిన కొత్త క్లయింట్‌కి ఆ రోజు ప్యాచ్ టెస్ట్ చేసి, మంగళవారం తర్వాతి రోజుకి అపాయింట్‌మెంట్ ఇవ్వు. ఇంట్లో గోరింటాకు పెట్టుకుంటారా అని కూడా అడుగు. కొన్ని నల్ల మెహందీ పొడుల్లో లోహ లవణాలు ఉంటాయి. వాటి మీద పెరాక్సైడ్ పడితే జుట్టు వేడెక్కి పాడవుతుంది. అనుమానముంటే తెగిన ఒక పాయ మీద ముందు వేసి చూడాలి.

నీ ట్రాలీ గురించి. పొద్దున షట్టర్ ఎత్తగానే ఒక పావుగంట దీనికే. స్ప్రే బాటిల్ నింపడం, మెషీన్ చార్జింగ్ చూడటం, క్లిప్పులు, నెక్ స్ట్రిప్‌లు, టవళ్లు రోజుకి సరిపడా తెచ్చి పెట్టుకోవడం. ప్రతి వస్తువుకీ ఒకటే చోటు. దువ్వెనలు మూడు సెట్లు ఉండాలి. వాడిన సెట్‌ని ముందు సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత డిస్‌ఇన్ఫెక్టెంట్‌లో లేబుల్ మీద చెప్పినంతసేపు, చాలావాటికి 10 నిమిషాలు, మునిగేలా ఉంచాలి. ఒకే సెట్ ఉంటే ఆ పది నిమిషాలు భారంగా తోచి మానేస్తారు. మూడు సెట్లుంటే ఒకటి నానుతుంది, ఒకటి ఆరుతుంది, ఒకటి నీ చేతిలో ఉంటుంది. రేజర్‌కి ప్రతి మనిషికీ కొత్త బ్లేడ్. హెపటైటిస్ బి లాంటివి రక్తం ద్వారా వస్తాయి, ఇందులో రష్ అన్న మాటే లేదు.

శని, ఆదివారాల రష్‌ని ఆ రెండు రోజుల్లోనే తగ్గించలేవు, మిగతా రోజుల్లోకి పంచాలి. మన ఇళ్లలో మంగళవారం, శుక్రవారం, అమావాస్య రోజు జుట్టు కత్తిరించుకోరు. ఈ ఊళ్లో చాలా చిన్న షాపులు మంగళవారం మూసే ఉంటాయి. అందుకని బుధ, గురువారాల్ని రూట్ టచప్‌కి, స్పాకి, స్మూతనింగ్‌కి అలవాటు చేయించు. ఇంటినుంచి పనిచేసే ఐటీ వాళ్లకి వారం మధ్యలో సాయంత్రం రావడం కష్టమేం కాదు, ఎవరూ అడగరంతే. జుట్టు నెలకి సుమారు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది. అంటే నాలుగు నుంచి ఆరు వారాల్లో తెల్ల కుదుళ్లు కనపడతాయి, ఫేడ్ అయితే మూడు వారాలకే చెదురుతుంది. కేప్ విప్పకముందే "మళ్లీ ఫలానా బుధవారం రాసుకోనా మేడం?" అని అడుగు. ఉగాది, వరమహాలక్ష్మి, దీపావళి ముందు వారం ఎలా ఉంటుందో నీకు తెలుసు. పాత క్లయింట్లకి పది రోజుల ముందే ఫోన్ చేసి రప్పించుకో. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు, కొత్త కట్ నేర్చుకోవడానికి అదే సరైన నెల.

మణికట్టు నొప్పి విషయం నాకు బాధనిపించింది, దాన్ని వాయిదా వేయొద్దు. మొదట కత్తెర చూడు. మొద్దుబారిన కత్తెరని బొటనవేలితో నొక్కి నొక్కి కోస్తుంటే నొప్పి రాక ఏం చేస్తుంది? ఒక రింగు పట్టుకుని రెండో బ్లేడ్‌ని నిలువుగా పైకెత్తి వదిలి చూడు. మెల్లగా దిగి మధ్యలో ఆగాలి. దబ్బున మూసుకుంటే స్క్రూ వదులుగా ఉంది, కదలకపోతే బిగుసుకుంది. రోజూ రాత్రి తుడిచి స్క్రూ దగ్గర ఒక చుక్క ఆయిల్ వేయి. సాన పెట్టించేది హెయిర్ కత్తెరలు తెలిసినవాళ్ల దగ్గరే, వీధిలో వంటింటి కత్తులు పట్టేవాళ్లకి ఇవ్వకు. బొటనవేలు మొత్తం రింగులో దూర్చకుండా కొస మాత్రమే ఉంచు. ప్రతి క్లయింట్‌కీ చైర్ ఎత్తు మార్చు, నీ మోచేయి భుజం కంటే పైకి లేవకూడదు. కింది జుట్టు కత్తిరించేటప్పుడు నడుము వంచకుండా చైర్ పైకి పంప్ చేయి, లేదా స్టూల్ లాక్కుని కూర్చో. వేళ్లు తిమ్మిరెక్కుతున్నా, రాత్రిళ్లు మంట పుట్టి మెలకువ వస్తున్నా డాక్టర్‌కి చూపించు. ఈ పనిలో చేతులు పాడైతే ఇంకో చేతులు రావు. మధ్యాహ్నం అన్నం మానేసి ఇంకో క్లయింట్‌ని తీసుకోవడం కూడా మానుకో. ఆకలి మీద ఉన్న చేయి వణుకుతుంది. నీ శని, ఆదివారాల వణుకులో కొంత అదే అయ్యుండొచ్చు.

ఓనర్ అడిగిన 40 నిమిషాల గురించి కూడా చెప్పాలి. భుజాల దాకా ఉన్న జుట్టుకి ట్రిమ్ అయితే న్యాయమైన టైమే, ఇవన్నీ పాటిస్తే నువ్వు అందుకుంటావు. నడుము దాకా ఒత్తు జుట్టుకి లేయర్లు, వాష్, బ్లో డ్రై మొత్తం 40 నిమిషాల్లో నేను కూడా చేయను, చేయమని నా పిల్లలకి చెప్పను. గిరజాల జుట్టుకి, మొదటిసారి వచ్చిన క్లయింట్‌కి అదనంగా పావుగంట పెట్టాల్సిందే. కాబట్టి వారం రోజులు రాసిన పుస్తకం పట్టుకుని ఓనర్ దగ్గరికి వెళ్లు. రష్ తక్కువ ఉన్న పూట, నెమ్మదిగా చెప్పు: "సార్, కటింగ్‌కి ఇంత, బ్లో డ్రైకి ఇంత, టవళ్ల కోసం, ఊడ్చడం కోసం ఇంత పడుతోంది. శని, ఆదివారాల్లో వాష్‌కి, ఊడ్చడానికి ఒక హెల్పర్‌ని ఇస్తే నేను ఇద్దరు క్లయింట్లని ఎక్కువ తీసుకోగలను." అంకెలు చూపించి అడిగిన మాటకి విలువుంటుంది. పొడవాటి జుట్టుకి వేరే టైమ్, వేరే రేటు పెట్టమని కూడా అప్పుడే అడుగు, చాలా సెలూన్లలో అలాగే ఉంటుంది.

ఆలస్యమవుతున్నప్పుడు బయట కూర్చున్నవాళ్లకి నిజం చెప్పు. "ఐదు నిమిషాలు" అని మూడుసార్లు చెప్పేకంటే "ఇంకో 20 నిమిషాలు పడుతుంది మేడం, టీ తాగి రండి" అని ఒకసారి చెప్పడం మంచిది. వాళ్ల చూపులు వీపు మీద లేకపోతే నీ చేతులు కూడా నిలకడగా ఉంటాయి.

నీ కత్తెర ఎన్ని అంగుళాలదో, వారం తర్వాత నీ పుస్తకంలో ఏ అంకె అన్నిటికంటే పెద్దదిగా వచ్చిందో ఇక్కడ రాయి. బ్లో డ్రై అయితే బ్రష్ సైజుల గురించి విడిగా చెప్తాను. కటింగే అయితే, డమ్మీ హెడ్ మీద నువ్వు పాపిడి తీస్తున్న వీడియో ఒకటి పెట్టు, చూసి చెప్తాను.